కాటా మాట

కాపురానికి వచ్చిన నాటినుంచీ కోడలిని ఒక సందేహం తొలుస్తూనే ఉంది. ఈ పేటలో ఆడవాళ్ళందరికీ పాలు తక్కువెందుకు? ఎవరినడిగినా “మా పేట నీళ్ళ గుణం అంతేనమ్మా” అనేవాళ్ళు. ఇప్పుడా మాట తన ఒడిదాకా వచ్చింది.

“నాలుగుంబావు,” అంది పేట ఆసుపత్రి సిస్టరు, పిల్లాణ్ణి పడుకోబెట్టిన కాటా ముల్లు వంక చూస్తూ. “మూడోనెల దాటుతోంది. ఐదు కిలోలన్నా ఉండాలి. పోయినసారే చెప్పాగా, ఈసారీ తగ్గితే నీ పాలు మాన్పించడమే. డబ్బాపాలు పట్టు.”

కోడలు కాటా మీదికి వంగింది.

“ఇంకోసారి తూచండి సిస్టర్.”

“రెండుసార్లు తూచానమ్మా. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు నాది, అంతా ఈ కాటాతోనే. పేటలో సగంమంది ఇందులో పడుకున్నవాళ్ళే.”

“వీడు బరువెక్కాడండీ. ఎత్తుకుంటే తెలుస్తోంది.”

అత్తగారు మూతి తిప్పింది. “నీ చేతులకి ముల్లుందా ఏమిటి, అంకె చూపించడానికి? మీ ఆయనా డబ్బాపాలతోనే పెరిగాడు. తాడిచెట్టంత ఎదగలా?”

“అప్పుడూ ఈ కాటాయే చెప్పిందా అత్తయ్యా?”

“మరి? దానికి నామీద కక్షా?”

బెంచీమీద వరసలో ఉన్న తల్లులు నవ్వారు. సిస్టరు చీటీ రాయడం మొదలుపెట్టింది. పిల్లాడు గుక్కపట్టాడు. ఆ ఏడుపు వినగానే కోడలి రవిక తడిసింది. చాలని పాలు ఇలా పొంగుతాయా?

భుజాన సంచి బరువుగా ఉంది. దారిలో అత్తగారు కిలో పంచదార కొనిపించింది. ఇంట్లో రెండు కిలోలుంది కదా అంటే, “ఉంటే చేదా?” అంది.

కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుని, పంచదార పొట్లం తీసి కాటా పళ్ళెంలో పెట్టింది.

“ఇదేమన్నా ఆటస్థలమా?” సిస్టరు కసిరింది.

“ఒక్కసారి చూడండి. కిలో. సీలైనా తియ్యలేదు.”

ముల్లు ఊగి ఊగి ఎనిమిదొందల యాభై దగ్గర ఆగింది.

“కొట్టువాడు నీ నెత్తిన టోపీ పెట్టాడు!” అంది సిస్టరు. బెంచీ మళ్ళీ నవ్వింది.

కోడలి ముఖం వాడిపోయింది. అందరిదీ ఒక మాట, తనొక్కదానిదీ ఒక మాట. తప్పు తనదేనేమో! పొట్లం తీసెయ్యబోయింది.

“ఉండు,” అంది అత్తగారు.

తన సంచి అడుగునుంచి ఉప్పు పొట్లం తీసింది. కవరుమీద అక్షరాలు వెలిసిపోయాయి. లోపల ఉప్పు రాయిలా గడ్డకట్టింది. సీలు మాత్రం చెక్కుచెదరలేదు. పంచదార తీసి, దాన్ని పళ్ళెంలో పెట్టింది.

“ఇదీ కిలోయే. వేరే కొట్టుది. వాడూ దొంగేనా సిస్టరమ్మా?”

ముల్లు ఊగి ఊగి అక్కడే ఆగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సిస్టరు లేచివెళ్ళి పక్క వార్డునుంచి వేరే కాటా తెచ్చింది. పిల్లాడు సరిగ్గా ఐదు కిలోలు. ఆమె చీటీ చింపేసి, కుర్చీలో కూలబడింది. బెంచీమీద తల్లులు ఒక్కొక్కరే లేచి తమ కార్డులు పట్టుకుని చుట్టూ మూగారు.

కోడలు మూలన కూర్చుని పాలిస్తూ అడిగింది. “మీకూ అనుమానం ఉందన్నమాట! మరి నన్నెందుకు ఎత్తిపొడిచారు అత్తయ్యా?”

“నేను చెబితే నా మాట వినేదానివి. నీ మాట నువ్వు వినొద్దూ? దేవుడు తలకాయ ఇచ్చింది ఊపడానికేనా?” అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. “పాత బాకీ ఒకటుండిపోయిందిలే. ఇవాళ్టికి తీరింది.”

“ఎవరికి బాకీ?”

ఆవిడ వినిపించుకోనట్టు మంచినీళ్ళకని బయటికి వెళ్ళింది.

కోడలు ఉప్పు పొట్లం సంచిలో సర్దబోయి వెనక్కి తిప్పింది. ప్యాక్ చేసిన తేదీ ఇంకా కనిపిస్తోంది.

అది ఆమె భర్త పుట్టిన ఏడాది.