అవతలికి మడిచిన ఆకు

చంద్రరావు పదకొండున్నరకే వచ్చి కిటికీ అద్దం పక్కన కూర్చున్నాడు. వాసుని రమ్మన్నది పన్నెండుకి. కన్నకొడుకుని చూసి మూడు నెలలైన మనిషికి అరగంట ముందు రావడం పెద్ద తొందరేం కాదు.

తామ్వే పేటలో బూ యంతి అనే ఆవిడ హోటలు అది. ఆరు బల్లలు, రెండు ఫ్యాన్లు. అందులో తిరిగేది ఒకటే. ఆవిడది ఇండోనేషియాలో పడాంగ్ ఊరు. ఆ ఊరి పద్ధతే రంగూన్‌లోనూ నడుపుతోంది. ఏం కావాలని అడగదు. వండినవన్నీ చిన్న గిన్నెల్లో తెచ్చి బల్ల నిండా పరిచేస్తుంది. ముట్టుకున్నవి మీవి, ముట్టనివి వంటింట్లోకి వెళ్ళిపోతాయి. అన్నం మాత్రం అరటాకులో వడ్డిస్తుంది. ఆ ఆకు చూసే లమ్మడా పేటలోని తెలుగువాళ్ళు ఈ హోటలు మరిగారు. గొడ్డుమాంసం గిన్నె వాళ్ళ బల్ల మీద పెట్టకూడదని ఆవిడా నేర్చుకుంది.

ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కినప్పటి నుంచీ హోటలుకి జనం లేరు. ఫోన్లలో ఇంటర్నెట్ లేదు. బస్సులు సగం తిరగడం లేదు. బడిపంతులు వాసు పాఠాలు మానేసి ఊరేగింపుల్లో ముందు నడిచాడు. ఇంటికి పోలీసులు వచ్చిన రోజే మాయమయ్యాడు. ట్వంటే ఊళ్ళో కుండలు చేసేవాళ్ళ ఇంట్లో ఉన్నాడని ఒకరన్నారు, సరిహద్దు దాటేశాడని ఒకరన్నారు. పట్టుబడితే ఏమవుతుందో చంద్రరావుకి తెలుసు. పక్క వీధి కుర్రాణ్ణి పొద్దున్న తీసుకెళ్ళి, మర్నాడు శవాన్ని తెచ్చుకోమని ఇంటికి కబురు పెట్టారు.

వెనక బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని తింటున్నారు. చంద్రరావుని కార్లో తీసుకొచ్చింది వాళ్ళే. వాసు కొత్త నంబరు ఎక్కడో సంపాదించి, నిన్న ఫోన్ కలిపి ఇచ్చిందీ వాళ్ళే. ఎక్కువ మాట్లాడొద్దని ముందే చెప్పారు.

"రేపు పన్నెండుకి బూ యంతి కాడికి రారా. కలిసి తిందాం" అన్నాడు చంద్రరావు నిన్న ఫోన్లో.

"అమ్మేదీ? ఒకపాలి ఫోనియ్యి."

"అమ్మకి ఒంట్లో బాగోలేదురా."

అంతకుమించి మాట్లాడలేదు.

"భయపడకండి ఊలే, మేమున్నాం కదా" అన్నాడు ఇప్పుడు వెనక బల్ల నుంచి ఒకడు, బర్మీస్‌లో. ఊలే అంటే బాబాయి. మర్యాదకేం లోటు లేదు.

బూ యంతి మోచేతి దాకా గిన్నెలు పేర్చుకుని వచ్చింది. కొబ్బరిపాల కోడికూర, పనసకాయ, పచ్చిమిరప సంబల్ పచ్చడి. రెండాకులు వేసి అన్నం పెట్టింది. మిరపముద్దలో వేయించిన గుడ్లు ఖాళీ కుర్చీ వైపు జరిపింది. అవంటే వాసుకి పిచ్చి. కళ్ళూ ముక్కూ కారుతున్నా వదలడు.

"మీరు తినండి. అబ్బాయి వస్తాడుగా" అంది వచ్చీరాని బర్మీస్‌లో.

చంద్రరావు ఒక్క మెతుకు ముట్టుకోలేదు. కొడుకుని చూడాలని ఉంది. చూడాలని ఉన్నందుకు తనమీద తనకే కోపంగా ఉంది.

పన్నెండూ పదికి రోడ్డు అవతల కిళ్ళీకొట్టు దగ్గర ఒక మనిషి ఆగాడు. ముఖానికి మాస్కు, తలమీద టోపీ. ఎన్ని కప్పుకున్నా ఆ ఎడమ భుజం వంపు తండ్రికి తెలియదా? వాసు రోడ్డు దాటలేదు. అటూ ఇటూ చూశాడు. తర్వాత అద్దంలోంచి తండ్రిని చూశాడు.

చంద్రరావు చెయ్యి ఊపలేదు. నవ్వలేదు. ముందున్న ఆకు దగ్గరికి లాక్కుని, వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉండగా, ఇటు అంచు పట్టుకుని అవతలికి మడిచేశాడు.

తెలుగింట్లో పుట్టినవాడెవడూ మామూలు భోజనానికి అలా మడవడు. మనవైపుకి మడుస్తాడు. అవతలికి మడిచేది చావు భోజనాల్లోనే. ఏడేళ్ళప్పుడు ఎవరి పెళ్ళిలోనో తిరగేసి మడిచినందుకు వాసు వీపున తల్లి సూర్యావతి నాలుగు వడ్డించింది కూడా. ఇంత తెలిసిన పెద్దమనిషి ఎలా మడిచాడో. కళ్ళు మాత్రం కొడుకు మీంచి తిప్పలేదు.

వాసు ఆ ఆకు వైపు చూశాడు. తర్వాత పరుగెత్తాడు. ఏ వైపూ చూసుకోకుండా, ఒక కాలి చెప్పు రోడ్డు మీదే వదిలేసి, తలుపు తోసుకుని లోపలికి వచ్చి పడ్డాడు.

"అమ్మ పోనాదా నానా?"

చంద్రరావు వెనక బల్ల వైపు చూశాడు.

"ఎప్పుడు పోనాది? నాకో మాటైనా సెప్పలేదేటి?"

"లేదురా. అమ్మ ఉన్నాదిరా."

"మరి ఆకు అలగ మడిసినావేటి?"

"ఎందుకొచ్చినావురా" అన్నాడు చంద్రరావు. అనేసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

వాసు కుర్చీలో కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తెలియకుండా ఒగరుస్తూ తండ్రి మోకాలు పట్టుకున్నాడు.

"అమ్మ ఉన్నాది కదా, సాలు. ఏడవకు నానా, నానొచ్చేసినాను" అన్నాడు.

వెనక బల్ల దగ్గరి ఇద్దరూ లేచారు; ఒకడు వెళ్ళి తలుపు గడియ పెట్టాడు, రెండోవాడు ఫోన్ చెవిన పెట్టుకుని బర్మీస్‌లో అన్నాడు: "కొడుకు దొరికాడు, ఇక వాళ్ళమ్మని వదిలెయ్యండి."