టైము లేని ఆట

"కొత్తవాళ్ళు ఆడుకోవడానికి తేలికైన ఆట ఏదైనా ఉందాండి?"

గణేష్‌బాబు తలెత్తకుండానే నిట్టూర్చాడు. పది రోజులుగా ఇదే మనిషి, ఇదే ప్రశ్న.

రామచంద్రపురం మెయిన్‌రోడ్డులో అతనిది వీడియోగేముల షాపు. కొనేవాళ్ళు ఆడి చూసుకోవడానికి గోడకి ఒక టీవీ పెట్టాడు. దాని ముందున్న స్టూలు ఇప్పుడు ఈ పెద్దాయనకి సొంతమైపోయింది.

మొదటిరోజు ఓపిగ్గానే అడిగాడు. "ఎవరికండి? పిల్లలకా?"

"కాదండి, పెద్దవాళ్ళకే. ఎప్పుడూ ఆడనివాళ్ళకి."

కార్ల రేసు పెట్టి ఇచ్చాడు. పెద్దాయన జాయ్‌స్టిక్‌ని రిమోట్ అన్నాడు. కారుని తిన్నగా తీసుకెళ్ళి గోడకి గుద్దాడు.

"ఇందులో టైము అయిపోగానే ఆపేస్తున్నాడండి. టైము లేనిది కావాలి."

మర్నాడు చేపలు పట్టే ఆట ఇచ్చాడు.

"రెండు బటన్లు ఒకేసారి నొక్కమంటున్నాడండి. ఒక్క బటన్‌తో అయ్యేది లేదా?"

ఆ తర్వాత రంగులు కలిపే ఆట.

"ఓడిపోతే ఆ నవ్వేంటండి, ఎగతాళి చేసినట్టు? ఓడిపోయినా ఏమీ అననిది చూడండి."

ఎనిమిదో రోజు ఇంకో వింత. కుడిచేతి వేళ్ళకి కర్చీఫ్ బిగించి కట్టుకుని మరీ ఆడాడు. పిచ్చేమోనని అనుమానం వచ్చింది గణేష్‌బాబుకి.

అసలే అతని ప్రాణం విసిగిపోయి ఉంది. నాలుగు నెలల క్రితం తల్లి వీరవేణికి పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది కానీ కుడిచెయ్యి లేవడం లేదు. మొదటి ఆర్నెల్లే ముఖ్యమని, రోజూ కదిలించకపోతే ఇక ఆ చేతిమీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. భార్య సుప్రియ వారానికి మూడుసార్లు ఆవిణ్ణి ఫిజియోథెరపీకి తీసుకెళుతోంది. ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ వేలు కదపదు.

ఇవాళ పొద్దున రబ్బరు బంతి చేతిలో పెడితే విసుగ్గా కిందికి దొర్లించేసింది.

"బంతి పిసుక్కుంటూ కూర్చోవడానికి నేనేమైనా పసిపిల్లనా?"

ఆ మాట ఇంకా చెవుల్లో ఉండగానే పెద్దాయన మళ్ళీ అడిగాడు.

"పోనీ, ముగ్గులు పెట్టుకునే ఆట ఏదైనా ఉందాండి?"

"ఏంటండీ?"

"చుక్కలుంటాయన్నమాట. గీతలు కలుపుకుంటూ పోవాలి. నిదానంగా."

"వీడియోగేముల్లో ముగ్గులేంటండి బాబూ!" గణేష్‌బాబు గొంతు పెరిగింది. "పది రోజులనుంచి చూస్తున్నాను. మీకు కొనే ఉద్దేశం లేదు. కాలక్షేపానికి ఇంకెక్కడికైనా వెళ్ళండి. నాకు టైము లేదు."

పెద్దాయన వేళ్ళకున్న కర్చీఫ్ విప్పి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఆయ్, అలాగేనండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేశాను."

స్టూలు గోడవారగా జరిపి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు గణేష్‌బాబు.

రెండు వారాలు తిరక్కుండా ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. వీరవేణి ఫిజియోథెరపీకి వెళ్ళనంది.

"అత్తయ్యగారు నా మాట వినట్లేదండి. ఇవాళ మీరే తీసుకెళ్ళండి," అంది సుప్రియ. ఆమె కూడా అలిసిపోయింది.

షాపు మూసి, తల్లిని ఆటో ఎక్కించాడు.

"మొన్నటిదాకా బాగానే వెళ్ళావుగా అమ్మా. ఇప్పుడేమొచ్చింది?"

"ఇప్పుడక్కడ ఏముందిరా? చెయ్యి పట్టుకుని లాగుతారు. నొప్పి."

దారిలో ఎవరింటి ముందో ముగ్గు ఉంటే, ఆటో మలుపు తిరిగేదాకా తల తిప్పి దాన్నే చూసింది. గణేష్‌బాబు ఫోన్లో ఉన్నాడు.

సెంటర్లో ఫిజియోథెరపిస్టు సాయిప్రసన్న ఆవిణ్ణి కూర్చోబెట్టి, అతన్ని పక్కకి పిలిచింది.

"మీ అమ్మగారొక్కరే కాదండి, అందరూ మానేస్తున్నారు. చంద్రరావుగారు వెళ్ళిపోయినప్పటినుంచీ ఇంతే."

"ఆయనెవరండి?"

"వాళ్ళావిడకి ఇక్కడే వైద్యం చేశాం. ఆవిడ పోయాక కూడా ఆయన రావడం మానలేదు. మా టీవీకి వీడియోగేము తగిలించి, ఎవరి చెయ్యి ఎంత కదులుతుందో చూసి, ఎవరికేది ఇష్టమో అడిగి, తగిన ఆట ఎక్కడెక్కడో వెతికి కొనితెచ్చేవారు. ఆటలో పడి వీళ్ళు నొప్పి మర్చిపోయేవారండి. ముందు తను ఆడి చూడనిదే ఎవరికీ ఇచ్చేవారు కాదు. వేళ్ళు కట్టేసుకుని మరీ ఆడేవారు."

గణేష్‌బాబుకి షాపులో గోడవారగా ఉన్న స్టూలు గుర్తొచ్చింది.

"ఇప్పుడెక్కడున్నారు?"

"జంగారెడ్డిగూడెంలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోను చేస్తే ఎత్తట్లేదు. ఆఖర్న ఒక్కరి ఆటకోసం పది రోజులు ఏదో షాపు చుట్టూ తిరిగారు. దొరకలేదట. ఇంక నావల్ల ఏమవుతుందమ్మా అన్నారు."

ఆమె సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది.

'సూరమ్మగారు. ఎడమచెయ్యి. చేపల ఆట.' 'లాజరుగారు. బొటనవేలు. ఇటుకల ఆట.' పేజీ పేజీకీ ఒక మనిషి, ఒక చెయ్యి, ఒక ఆట.

గణేష్‌బాబు ఒక్కొక్క పేజీ తిప్పుతూ చివరిదాకా వచ్చాడు.

'వీరవేణిగారు. కుడిచెయ్యి. అభిమానం ఎక్కువ, ఎగతాళి చేసే ఆట పనికిరాదు. ముగ్గులంటే ప్రాణం. ఇంకా దొరకలేదు; షాపాయన తీరిక చూసుకుని మళ్ళీ అడగాలి.'