బైరాగి కాపలా

"కిందెవడో నిలబడ్డాడు. నువ్వు కిటికీ కాడికి రాకు," అన్నాడు బైరాగి.

మేడ మీద గదిలో చేపల పులుసు కలుపుకుంటున్న యోగేశ్ తలూపాడు.

యోగేశ్ అంటే ఎవరనుకున్నారు! కలకత్తా ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ తెలుగువాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఈ ఏడు కొత్తగా వచ్చిన స్ట్రైకర్. సోంపేట దగ్గర ఇసకలో ఆడుతుంటే సెక్రటరీ కోదండం కంటపడ్డాడు. నిన్ననే షాలిమార్‌లో రైలు దిగాడు. రేపు డాక్ లీగు ఆఫీసులో సంతకం.

సంతకం పడేదాకా భయమే.

ఆటగాళ్ళు క్లబ్బులు మారే ఈ రోజుల్ని కలకత్తాలో దల్‌బదల్ అంటారు. ఎదుటి క్లబ్బువాళ్ళు మాటల్లో పెట్టి, మోటారు సైకిలెక్కించి, ఆటగాణ్ణి ఎత్తుకుపోతారు. అందుకే దాచడం. పెద్ద క్లబ్బులు హోటళ్ళలో దాస్తాయి. మన బతుక్కి బైరాగి మేడే హోటలు.

పోయిన సీజన్లో మనవాళ్ళు అట్టడుగున తేలారు. ఈసారీ అంతే అయితే లీగులోంచి పేరు తీసేస్తారు. డాకులో బస్తాలు మోసిన తాతలు పెట్టిన క్లబ్బు అది.

"నువ్వొచ్చీసినావు, ఇంక మనకి తిరుగు నేదు," అన్నాడు బైరాగి, పొద్దుట్నించీ అంటున్న మాటే.

"గోల్‌లో ఎవులు బాబాయ్?"

"మన త్యాగరాజున్నాడు కదా."

"ఆయన మోకాళ్ళు వంగవంట?"

"నువ్వు కొడుతుండు. గోల్‌లో ఎవడో ఒకడు నిలబడతాడ్లే!"

కిందనుంచి కేక వచ్చింది. "అన్నా! బైరాగన్న ఇల్లు ఇదేనా?"

బైరాగి బాల్కనీలోంచి తొంగి చూశాడు. ఇస్త్రీ చొక్కా. వీపున లాప్‌టాప్ సంచీ. సాల్ట్ లేక్ ఆఫీసుల బాపతు. వాట్‌గంజ్‌లో తెలుగువాళ్ళున్నారంటే నమ్మని జాతి. మనం మాట్లాడేది తెలుగంటే అసలే నమ్మరు.

"ఏటి కావాలి?"

"కోదండం సార్ రమ్మన్నడు."

"ఏటి పని?"

"అది ఎవ్వరికీ చెప్పొద్దన్నడు అన్నా."

బైరాగి మీసం దువ్వాడు. దొరికాడు దొంగ.

"నీ పేరేటి?"

"అది గూడ చెప్పొద్దన్నడు."

"ఓర్నీ! పేరు కూడా సెప్పనోడివి మా ఇంట్లోకొచ్చేస్తావా?"

"సార్‌కి ఒక్క ఫోన్ కొట్టన్నా."

కోదండం ఫోను కట్టేసి ఉంది. దల్‌బదల్ రోజుల్లో అందరూ ఫోన్లు కట్టేసుకోవాలని రూలు పెట్టించిందే బైరాగి.

"ఏటయ్యా, ఇంత ఎండలో ఆ పిల్లోడు మాడిపోతన్నాడు. లోపలికి రానీరాదూ," అంది భార్య పున్నమ్మ.

"వాడు ఎదుటోళ్ళ మనిషే. నీకు తెల్దు, ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. నీళ్ళ సీసా తెచ్చి పైనుంచి విసిరింది. అది వంకరగా మురుక్కాలవ వైపు పోయింది. కుర్రాడు పక్కకి ఒక్క ఎగురు ఎగిరి ఒంటి చేత్తో అందుకున్నాడు.

"చూసినావా, జేబులు కొట్టే చెయ్యి!" అన్నాడు బైరాగి.

"ఎవులు బాబాయ్? నాను ఒకపాలి చూస్తాను," లోపల్నించి యోగేశ్.

"నిన్నెత్తుకుపోడానికొచ్చినోడు. కూకో!"

పొద్దు వాలింది. కుర్రాడు గోడ నీడన నిలబడే ఉన్నాడు. బైరాగి తిట్టని తిట్టు లేదు. వాడు కదల్లేదు.

అప్పుడొచ్చాడు మన ఎదుటి క్లబ్బు, అదే వంతెన అవతలి క్లబ్బు మనిషి, మోటారు సైకిలు మీద. కుర్రాడి మొహంలోకి వంగి చూశాడు.

"ఆరే దాదా, మీరిక్కడ!" అన్నాడు బెంగాలీలో. భుజం మీద చెయ్యి వేశాడు.

"చూసినావా! చూసినావా!" బైరాగి భార్యని బాల్కనీలోకి లాగాడు. "ఇద్దరూ ఒకటే! నాను ముందే సెప్పనేదా?"

కుర్రాడు తలెత్తాడు. "అన్నా, ఆఖరిసారి అడుగుతున్న. నేను మీకు అవసరం లేదా?"

"నీతో మాకేటవసరం? ఎల్లు!"

కుర్రాడు బండెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

బైరాగి బాల్కనీలోనే చప్పట్లు కొట్టాడు.

తెల్లారి యోగేశ్ చెయ్యి పట్టుకుని, పెళ్ళికొడుకుని నడిపించినట్టు లీగు ఆఫీసుకి నడిపించాడు. సంతకం పడింది. వాట్‌గంజ్ డప్పులు మోగాయి. మనకీ ఒక స్ట్రైకర్, అదీ మన ఉప్పునీళ్ళ వైపు వాడు! బైరాగికి భూమ్మీద కాళ్ళు ఆనలేదు.

"ఈగని కూడా వాలనివ్వనేదు," కనిపించినవాడికల్లా చెప్పాడు.

ఆఫీసు మెట్ల దగ్గర, వంతెన అవతలివాళ్ళ డప్పులు ఇంకా గట్టిగా మోగుతున్నాయి. నిన్నటి కుర్రాణ్ణి మెడలో దండ వేసి భుజాల మీద ఊరేగిస్తున్నారు.

బైరాగి పరుగున వెళ్ళి కోదండాన్ని పట్టుకొచ్చాడు.

"అడుగో! నీ పేరు సెప్పుకుని మా ఇంటికొచ్చిన దొంగ. పగలంతా ఎండలో నిలబెట్టీసినాను. ఎంత తిట్టినా పేరు మాత్రం సెప్పనేదు!"

కోదండం ఆ కుర్రాడి వైపు చూశాడు.

"సంతకం అయ్యేదాకా నోరు విప్పొద్దని నేనే వాడిచేత ఒట్టేయించుకున్నాను బైరాగీ," అన్నాడు, చేతిలో మిగిలిపోయిన గోల్‌కీపర్ చొక్కాని మడతపెడుతూ.