మూడో ప్లాస్టిక్ అద్దం

“ఏమయ్యా మేస్త్రీ, ఏడాదిలో మూడు అద్దాలు. నువ్వు కుట్టేది అద్దమా, గోనెసంచా?”

పెద్దాయన దుకాణంలోకి వస్తూనే అరిచాడు. ఆ ఊపులో గుమ్మం దగ్గరి స్టూలును తట్టుకుని, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు దాన్నీ తిట్టాడు. వెనకాలే వచ్చిన భార్య స్టూలు నిలబెట్టి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

మేస్త్రీకి ఒళ్ళు మండింది. టాపు మడిచే కార్లకు గుడ్డ కప్పులు, వాటి వెనక ప్లాస్టిక్ అద్దాలు కుట్టడంలో ముప్పై ఏళ్ళుగా అతనికి వంక పెట్టినవాడు లేడు. బయటికి వెళ్ళి, అద్దె డ్రైవరు నడిపి తెచ్చి పెట్టిన కారును చూశాడు. అద్దం పొగ పట్టినట్టు మసకబారింది.

ఆ ప్లాస్టిక్‌లో నూనె లాంటిది ఉంటుందని, అదున్నన్నాళ్ళే మెత్తగా ఉంటుందని, ఎండకు అది ఆరిపోతే పసుపెక్కి పెళుసవుతుందని, తడి మీద మడిస్తే తెల్లబడి మడత దగ్గర చిట్లుతుందని పళ్ళు బిగించి మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. పెద్దాయన వింటేగా. బండికి ఎండ తగలనివ్వడట, టాపు మడిచి రెండేళ్ళయిందట, అద్దం తుడిచేది భార్య ఒక్కతేనట.

“ఆదివారం మనవళ్ళిద్దరినీ ఎక్కించుకుని ఏటిదాకా తిప్పుతానని మాటిచ్చాను. శనివారానికి కొత్తది పడాలి. పడలేదా, నీ పనితనం ఎలాంటిదో ఊరంతా చెప్తాను.”

అద్దాన్ని వేళ్ళతో తడిమి, ఆయన విసురుగా లోపలికి వెళ్ళి పని చీటీ మీద సంతకం గీకాడు. కోపంలో సంతకం చీటీ దాటి బల్ల మీదికి పోయింది.

మేస్త్రీ మాత్రం కారులో దూరి అద్దానికి ముక్కు ఆనించాడు. మసక బయట లేదు, లోపలివైపే ఉంది. గుండ్రంగా రుద్దిన గీతలున్నాయి. ఘాటు వాసన కూడా వేస్తోంది. ఇంటి కిటికీలు తుడిచే మందు. అది ఈ ప్లాస్టిక్‌కు విషమని ఆవిడకు తనే రెండుసార్లు చెప్పాడు. మర్చిపోతుందేమోనని కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు.

కారు దిగేసరికి ఆవిడ ఎదురుగా ఉంది. మేస్త్రీ గొంతు తగ్గించాడు గాని కోపం తగ్గించుకోలేకపోయాడు.

“తెలిసే చేస్తున్నారన్నమాట. మీకేం అపకారం చేశానమ్మా? నా పొట్ట ఎందుకు కొడుతున్నారు?”

ఆవిడ కాదనలేదు. భర్త వినడం లేదు కదా అని ఒకసారి లోపలికి చూసింది. ఆవిడ ముఖంలోనూ కోపమే ఉంది, ఎవరి మీదో గాని.

“ఈసారి కుట్టకండి. షీటు దొరకలేదనండి, మీ ఇష్టం వచ్చింది చెప్పండి. అద్దం బాగుంటే ఆయన బండి తీస్తారు.”

“తీస్తే ఏమిటట? బండి ఆయనది, మనవళ్ళు ఆయన వాళ్ళు.”

“ఆయనకు చూపు ఆనడం లేదు.”