ఆరు కిలోల తేలిక

మొక్కుకున్ననాటి బరువుకు బంగారం ఇవ్వాలా, ఇచ్చేనాటి బరువుకా?

ఆరేళ్లుగా బిక్షపతిని ఈ సందేహం తినేస్తోంది. బంగారమంటే బెల్లమే. మేడారం సమ్మక్క తల్లికి ఎత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు జాతరలో తూకం వేసి అంతే బరువు బెల్లం సమర్పించుకుంటారు. ఆ తల్లి ముందు బెల్లాన్ని బెల్లం అనడం మర్యాద కాదు.

బిక్షపతిది సూరత్‌లోని బమ్రోలి. వలసొచ్చిన తండ్రి అక్కడ మరమగ్గాలు నడిపాడు. ఇతను మాత్రం విమానాలు నడపడం నేర్పే బడిలో మెకానిక్ అయ్యాడు. ఆరేళ్ల కిందట, మొదటిసారి తన చేతులతో బిగించి పంపిన చిన్న విమానం హజీరా తీరం దాటాక వానలో చిక్కుకుంది. లోపల నేర్చుకునే పిల్ల ఒక్కతే. అరగంట జాడ లేదు. బిక్షపతి షెడ్డు తలుపు పట్టుకొని తల్లికి మొక్కేశాడు. అయిదు నిమిషాల్లో విమానం తడిసిన కోడిలా వచ్చి దిగింది.

తల్లి తన పని చేసేసింది. బిక్షపతే చెయ్యలేదు. జాతర రెండేళ్లకోసారి. ఒకసారి సెలవు దొరకలేదు, మరోసారి ధైర్యం దొరకలేదు.

చివరికి సందేహాన్ని తెలుగువాళ్ల వాడలో పెద్దమనిషి సాంబయ్య ముందు పెట్టాడు.

"తల్లి తరాజు పట్టుకొని కూసుందారా? ఇచ్చేనాటిదే లెక్క," అన్నాడు సాంబయ్య. "ఇచ్చేదాక బరువు పెరగకుండ చూసుకో, అంతే."

ఈ మాట బిక్షపతి భార్య ఊర్మిళ చెవిన పడింది. మొక్కిన రోజు సాయంత్రం "ఎత్తు బంగారం మొక్కిన" అని మొగుడు చెప్పింది ఆమెకు బాగా గుర్తుంది. మరునాటి నుంచి ఇంట్లో అన్నం బంద్. పొద్దున జొన్నరొట్టె, రాత్రికి దాని తమ్ముడు.

"జాతరకు ఇంక రెండు నెలలే. ఎనిమిది కిలోలు దిగాలె. ఆ లోచో టిఫిన్ల బండి దిక్కు చూసినవంటే కండ్లు పీకుత!"

బిక్షపతి ఏదో చెప్పబోయాడు. ఆమె కళ్లు చూసి, రొట్టె విరిచాడు.

ఇంతలో అదే విమానం బ్యాటరీ చచ్చింది.

"చూసినవా? తల్లి యాది చేస్తున్నది," అంది ఊర్మిళ.

"యాది చెయ్యాలంటే నా ఫోన్‌కు బ్యాటరీ లేదా? ఇమానం మీదనే పడాల్నా?"

"లెంపలేసుకో!"

వేసుకున్నాడు.

పాత రకం బ్యాటరీ ఇప్పుడు దొరకడం లేదు. విమానం చేసినవాళ్లే ఒప్పుకున్న కొత్త రకం వచ్చింది. చిన్నది. పాతది పదకొండు కిలోలైతే ఇది అయిదు. బిక్షపతి దాన్ని ఎత్తి చూసి, కళ్లకు అద్దుకున్నాడు.

"ఏమయ్యా, అది బ్యాటరీయా, ప్రసాదమా?" అన్నాడు ఇంజనీరు వరప్రసాద్.

పాత గూట్లో కొత్తది అత్తగారి గాజులా వదులైంది. బిక్షపతి అడుగున పలక వేసి, పట్టీ బిగించి, తీగలు కలిపాడు. మీట నొక్కగానే ఇంజను గుర్రుమంది. అయినా వరప్రసాద్ గడ్డం గోక్కున్నాడు.

"బ్యాటరీ ఉండేది తోకలో. తోక తేలికైతే ముక్కు బరువవుతుంది. ఎందుకొచ్చిన గొడవ, తోకలో ఆరు కిలోల సీసం దిమ్మ కట్టేద్దాం."

బిక్షపతి మొహం మాడిపోయింది.

"గట్లనకుండ్రి సార్! జర తూచి చూద్దాం. హద్దు దాటితేనే కడదాం."

"తూచడమెందుకు? పాత బరువులోంచి తీసేస్తే సరిపోతుందిగా."

"పాత బరువును నమ్మొద్దు సార్. కాంటా ఎక్కియ్యాల్సిందే."

వరప్రసాద్ ముచ్చటపడ్డాడు. తూకం కోసం బతిమాలే మెకానిక్‌ను పాతికేళ్ల నౌకరీలో ఆయన చూడలేదు.

బిక్షపతి ట్యాంకుల్లో పెట్రోలు ఖాళీ చేశాడు. సీట్ల కిందికి దూరి ఊడ్చాడు. నాలుగు పెన్నులు, ఒక దువ్వెన, ఎవరిదో ఎడమకాలి సాక్సు, ఎన్నేళ్లదో మట్టి బయటపడ్డాయి.

"మట్టే అర్ధకిలో ఉంటది సార్!" అన్నాడు, గుప్పెట్లో వజ్రాలు దొరికినట్టు.

మూడు చక్రాల కింద మూడు కాంటాలు పెట్టారు. వరప్రసాద్ అంకెలు కూడాడు, హెచ్చించాడు, కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాడు.

"హద్దులోనే ఉంది. సీసం అక్కర్లేదు. పైగా మొత్తం బరువు ఐదు వందల పదకొండే, అనుకున్నదానికంటే ఇంకో కిలో తక్కువ."

బిక్షపతి ఆకాశం వైపు తిరిగి దండం పెట్టాడు.

"పని మీద ఎంత భక్తయ్యా నీకు!" అన్నాడు వరప్రసాద్. ఆ నెల ఆయన పైవాళ్లకు రాసిన ఉత్తరంలో బిక్షపతి గురించి నాలుగు మంచి మాటలున్నాయి.

మేడారం జాతరలో బెల్లం దుకాణం ముందు ఊర్మిళ మొగుణ్ణి కాంటా ఎక్కించింది. డెబ్బై నాలుగు కిలోల మనిషి అరవై ఆరు తూగాడు. ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి వైపూ ఒకసారి చూసింది.

"రొట్టె మహిమ! అరవై ఆరు కట్టు అన్నా," అంది దుకాణదారుతో.

"ఐదు వందల పదకొండు కట్టు అన్నా, ఆ దినం నేను మొక్కింది నా ఎత్తు కాదు, ఇమానమెత్తు," అంటూ బిక్షపతి భార్య వైపు చూడకుండా కాంటా దిగి, ఆరేళ్ల బాకీ ఆ పూటే తీర్చేశాడు.