రోజుకో గుండీ

కోటు బల్ల మీద పడేసి, "గుండీ ఊడింది, కుట్టిపెట్టమ్మాయ్," అంది పెద్దావిడ.

టైలరమ్మ అప్పుడే మాత్ర నోట్లో వేసుకోబోతోంది.

"వేసుకో, వేసుకో. నేనూ నా మాత్ర వేసుకుంటా. తోడు లేకపోతే నాకు గొంతు దిగదు," అంటూ ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

ఇద్దరూ ఒకే సీసాలో నీళ్లు తాగారు. గుండీ కుట్టించుకుని ఆవిడ వెళ్లిపోయింది.

మర్నాడు సరిగ్గా అదే వేళకి మళ్లీ ప్రత్యక్షం.

"ఇంకో గుండీ ఊడిందమ్మాయ్."

టైలరమ్మకి అసలే ఒంట్లో బాగాలేదు. నెల్లాళ్లుగా పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట, మిషను తొక్కితే ప్రాణం పోయేంత పోటు. ఓర్చుకుని ఓర్చుకుని, జ్వరం కూడా వచ్చాక, ఈ కోటు రావడానికి ముందురోజే ఆస్పత్రికి వెళ్లింది.

అక్కడ ముసలి డాక్టరమ్మ పరీక్ష చేసి, ఇంజెక్షను పొడిచి, విడమరిచి చెప్పింది.

"ఇన్ఫెక్షను గర్భసంచి దాటి గొట్టాలదాకా పాకింది. పద్నాలుగు రోజులు, రెండు పూటలా మాత్రలు. ఒక్కటీ మానకూడదు. మీ ఆయనకీ వారం మందు రాస్తున్నా. ఇద్దరి మందూ అయ్యేదాకా పక్కలు వేరు. ఎవరివల్ల వచ్చిందని మాత్రం జుట్లు పట్టుకోకండి."

"మానేస్తే ఏమవుతుందండీ?"

"గొట్టాలు మూసుకుపోవచ్చు. అప్పుడిక పిల్లలు పుట్టడం కష్టం."

పెళ్లయి మూడేళ్లు. చంటిపిల్లల గౌన్లు కుట్టినప్పుడల్లా ఎవరూ చూడకుండా ఒళ్లో పరుచుకుని చూసుకునే మనిషి. ఆ మాటతో గుండె గుభేలుమంది.

గుభేలుమన్న గుండె నాలుగు రోజులకే కుదుటపడింది. నొప్పి పోయింది మరి.

ఐదో రోజు మాత్రల అట్టని సొరుగులోకి తోసేసి, హాయిగా మిషను తొక్కుతోంది. కోటు వచ్చి బల్ల మీద పడింది.

"మాత్రేదీ?"

"నొప్పి పోయిందిగా పెద్దమ్మా. కుట్టు పడ్డాక సూది గుడ్డలోనే ఉంచుతామా?"

"చివర ముడి వెయ్యకుండా దారం తెంపుతావా?"

ముడి లేని కుట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో టైలరమ్మకి ఒకరు చెప్పాలా? సొరుగు లాగింది.

"మీ ఆయన మింగుతున్నాడా?"

"నాకేం రోగమండీ? గుండ్రాయిలా ఉన్నా," అన్నాడు మొగుడు, కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి.

"గుండ్రాయి కిందే తేళ్లుంటాయి నాయనా. పైకేమీ లేకపోయినా లోపలుంటుంది. దీనికి తగ్గాక మళ్లీ నువ్వే అంటిస్తావు. మింగు."

ఆముదం తాగిన మొహం పెట్టి మింగాడు.

కోటుకి గుండీలు ఎనిమిదే. తొమ్మిదో రోజు నుంచి మళ్లీ పైగుండీతో మొదలైంది.

"ఇవి ఊడినవి కాదండీ, కత్తెరతో కోసినవి," అంది టైలరమ్మ.

"కోటు నాది, కత్తెర నాది. కుట్టడం నీ పని. ముందు మాత్ర వేసుకో."

ఆవిడ మెట్లు దిగాక మొగుడు గొంతు తగ్గించాడు. "దొంగల ముఠా మనిషేమో. రోజూ వచ్చి కొట్టంతా చూసిపోతోంది."

"మన కొట్లో దోచుకోవడానికేముంది, మధ్యాహ్నం పూట మీ నిద్ర తప్ప?"

పదో రోజు ఆవిడ మాత్ర చెయ్యి జారి కింద పడింది. మొగుడు తీసి వాసన చూశాడు.

"ఇది పిప్పరమెంటు బిళ్ల!"

"నా రోగానికి అదే మందు నాయనా," అని ఆవిడ తొణక్కుండా నోట్లో వేసుకుంది.

పిచ్చిదని మొగుడూ పెళ్లాలిద్దరూ తీర్మానించారు.

పద్నాలుగో రోజు కొట్టు నిండా జనం. ఆవిడ గుమ్మంలోంచే కేకేసింది.

"ఆఖరి మాత్ర మింగావా అమ్మాయ్? మీ ఆయన పక్క వేరేగానే ఉందా?"

కొలతలిస్తున్న వాళ్లంతా కిసుక్కున నవ్వారు. మొగుడు గుడ్డ తానుల వెనక్కి జరిగాడు. టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"పరువు తీశారు. రేపట్నించి నా కొట్టు మెట్లెక్కితే మర్యాదగా ఉండదు."

"ఎక్కన్లే," అందావిడ. ఖాళీ అట్టని వేలితో తడిమి తడిమి చూసింది. టైలరమ్మ బుగ్గ నిమిరి వెళ్లిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. ఎక్కడా నొప్పి లేదు.

"బాగా తగ్గింది. అన్నీ వేసుకున్నావా?"

"మాననిస్తేగా. పక్కలు వేరన్న సంగతి కూడా తెలిసిందంటే మీరు పంపిన మనిషే. పీక మీద కూర్చుంది."

"నేనెవర్నీ పంపలేదే."

"అదేనండీ, కోటు పెద్దావిడ. రోజుకో గుండీ తెస్తుంది."

డాక్టరమ్మ నవ్వింది. "ఆవిడా! మా మనిషి కాదు. మందుల కిటికీ ఎదురు బెంచీ మీద కూర్చుంటుంది. పద్నాలుగు రోజుల మందు ఎవరు పట్టుకెళ్తే వాళ్ల వెంట పడుతుంది. వద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది."

టైలరమ్మ ఒక్క అంగలో బయటికి వెళ్లి చూసింది. బెంచీ ఖాళీ.

"ఆవిడ నిన్న సాయంత్రమే బండెక్కింది. దూరాన ఉన్న తమ్ముడి ఇంటికి. ఇంక రాదుట," అన్నాడు కిటికీ వెనకాయన.

టైలరమ్మకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. నలుగురిలో ఎంత మాట అంది!

వెనక్కొచ్చి కుర్చీలో కూలబడింది. "తిట్టి పంపేశానండీ. ఎవరావిడ?"

"నా మొట్టమొదటి పేషెంటు," అంది డాక్టరమ్మ, "ముప్పై ఏళ్ల కిందట నొప్పి పోయిందని ఐదో రోజే మందు మానేసి, ఆ తర్వాత పిల్లల కోసం పదిహేనేళ్లు నువ్విప్పుడు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్న మనిషి."