నికెలా, స్టీలా?

ఉదయం పదింటికి పోలీసు స్టేషన్లో ఒక గిటారుకి ఇద్దరు సొంతదారులు తేలారు.

ముందురోజు సిటీ బస్సులో చివరి సీటు కింద దొరికిన ఎలక్ట్రిక్ గిటారు అది. ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ బల్లమీద ఉంది. వెనక ఉండాల్సిన నంబరు ఎవరో గీకేశారు. బల్లకి ఒకవైపు గిటారు టీచరు, ఆమె అత్తగారు. రెండోవైపు తోలు జాకెట్టు మనిషి. ఎవరి దగ్గరా బిల్లు లేదు.

"నెల కిందట నా క్లాసు గదిలోంచి పోయింది. ఆ రోజే ఇక్కడ కంప్లైంటు ఇచ్చాను," అంది టీచరు. "రేపు రికార్డింగు ఉంది సార్. ఎనిమిదేళ్లకి వచ్చిన మొదటి పిలుపు. వేరే గిటారు మీద నా చెయ్యి ఆడదు."

"నాదీ నెల కిందటే పోయింది," అన్నాడు జాకెట్టు. "ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. మళ్లీ కంటితో చూడ్డం ఇవాళే. కంప్లైంటు ఇవ్వకపోవడం నా బుద్ధితక్కువ. ఇచ్చినంత మాత్రాన ఈవిడదైపోతుందా?"

"ఎంత ధీమాగా చెబుతున్నాడో చూడు," అంది అత్తగారు.

"అమ్మా, మీరు కాసేపు ఊరుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పక్క వీధిలో గిటార్లు బాగుచేసే పెద్దాయన కోసం మనిషిని పంపాడు.

పెద్దాయన చిన్న యాంప్లిఫయరు చంకన పెట్టుకుని వచ్చాడు. సంగతంతా విన్నాడు. గిటారు ముట్టుకోకుండానే రెండు కాగితాలు అడిగాడు.

"దీనికి ఏ తీగలున్నాయో ఇద్దరూ రాసివ్వండి. సొంతవాడి వేలికి అది తెలియకుండా ఉండదు."

టీచరు ఒక్క మాట రాసింది. జాకెట్టు కూడా ఒక్క మాటే రాశాడు. ఇన్‌స్పెక్టర్ రెండూ పైకి చదివాడు. ఆమెది స్టీలు, అతనిది నికెల్.

"స్టీలే ఎందుకమ్మా?" అన్నాడు పెద్దాయన.

"నా చేతికి చెమటెక్కువ బాబాయ్. నికెల్ వేస్తే పదిరోజుల్లో మూగబోతుంది. స్టీలు వేలికి గరుకే, కానీ పలుకు గట్టిగా ఉంటుంది. డ్రమ్ముల మోతలో కూడా నా స్వరం నాకు వినిపిస్తుంది."

"నీకే కాదు, వీధి చివరి వాళ్లకీ వినిపిస్తుంది," అంది అత్తగారు. "గోడ అవతల నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

"మీ సంగతేంటి బాబూ?"

"స్టీలు వేలు కోస్తుంది సార్. గీరితే కీచుమంటుంది," అన్నాడు జాకెట్టు. "నికెల్ మెత్తన. మోత గుండ్రంగా వస్తుంది. నేను వేసేది అదే."

పెద్దాయన గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. సన్నతీగలు మూడింటినీ వదిలేశాడు. "ఇవి ఏ సెట్లో అయినా ఉక్కువే. తేడా అంతా లావు తీగల మీద చుట్టే దాంట్లో ఉంటుంది," అని నాలుగో తీగ మీద గోరు పెట్టి జరిపాడు. కీచు రాలేదు. కిటికీ దగ్గర వెలుతురులో రంగు చూశాడు. యాంప్లిఫయరుకి తగిలించి మీటాడు.

గదిలో మోత మెత్తగా పరుచుకుంది.

"నికెలే," అన్నాడు.

జాకెట్టు కాలుమీద కాలు వేసుకున్నాడు.

"ఇది మా కోడలి గిటారు మోత కాదు నాయనా," అంది అత్తగారు. "ఉన్నమాట చెప్పాలి కదా. రోజూ వినే చెవులు నావి."

"అత్తయ్యా!"

"నన్నేం చెయ్యమంటావే? ఇది విని ఎవరైనా నిద్రపోతారు. నీదైతే నిద్రలో ఉన్నవాళ్లు లేచి కూర్చుంటారు."

ఇన్‌స్పెక్టర్ జాకెట్టు వైపు రిజిస్టరు తిప్పాడు. "మీరు ఇక్కడ సంతకం పెట్టి తీసుకెళ్లండి సార్. అమ్మా, మీ కంప్లైంటు అలాగే ఉంటుంది. మీది దొరికితే కబురు చేస్తాం."

"నా జవాబు మార్చను," అంది టీచరు. "ఇది నాదే. నేను వేసింది స్టీలే."

"పెద్దాయన చూశారు, మీ అత్తగారే చెప్పారు. ఇంకా ఏముందమ్మా?"

"ఒక్కసారి ముట్టుకోనివ్వండి."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. ఆమె లావు తీగల కింద వేలు పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి జరిపింది. వేలు చూసుకుంది. చిన్నగా నవ్వి గిటారు పెద్దాయనకే ఇచ్చేసింది.

"శ్రుతి చేయండి బాబాయ్. చేసి, తీగ గట్టిగా లాగి వదలండి."

పెద్దాయన ఆమె మొహం చూసి మరలు తిప్పాడు. శ్రుతి కుదిరింది. తీగ లాగి వదిలాడు. శ్రుతి దిగింది. మళ్లీ బిగించి లాగాడు. మళ్లీ దిగింది. మిగతా లావు తీగలకీ అదే వరస. కళ్లద్దాలు పైకి తోసుకుని తీగల అడుగు చూశాడు.

జాకెట్టు కలం అడిగాడు. ఎవరూ ఇవ్వలేదు.

"ఇప్పుడు చెప్పండి," అంది టీచరు. "వీటిని వేసి ఎన్నాళ్లయింది?"

"కొత్త తీగలమ్మా. ఇంకా సాగుతున్నాయి. చెమట మరక లేదు, నలుపు లేదు." పెద్దాయన గిటారు బల్లమీద పెట్టాడు. "మూడు రోజులు. మహా అయితే నాలుగు."

ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు తనవైపు లాక్కుని జాకెట్టు వైపు తిరిగాడు.

"నెల్లాళ్లుగా నీ కంటపడని గిటారుకి మొన్న వేసిన తీగలు నికెల్‌వని నీకెలా తెలిసిందిరా?"